అక్క మీద చెప్పిన వాక్యం

టీచర్ బోర్డు మీద ఆ మాట రాసి, చేతికంటిన సుద్దపొడి దులుపుకుని, "రిజెంట్" అని గట్టిగా పలికారు. మేమంతా ఆవిడ వెనకే పలికాం. పగలంతా పనులు చేసి సాయంత్రం క్లాసుకొచ్చే వాళ్లం కాబట్టి మేం ఏ ఇంగ్లీషు మాట పలికినా కాస్త ఆవలింతలాగే ఉంటుంది.

"అంటే కోపమా టీచర్?" అన్నాడు తాళాలాయన. ఆయనకి మా వీధి చివర తాళాలు బాగుచేసే కొట్టుంది. ఎవరింటి తలుపైనా తెరవగలడు గానీ తన నోరు మాత్రం మూసుకోలేడని మా ఆయన అంటుంటాడు.

"కోపమైతే వస్తుంది, అరుస్తాం, పోతుంది. ఇది అరవని మనిషికి వస్తుంది."

"అసూయ?" అంది వెనక బెంచీలో ఎవరో.

"అసూయ పడాలంటే ఎదుటివాళ్ల దగ్గర మనకి లేనిదేదో ఉండాలి. దీనికి అంత హంగు అక్కర్లేదు."

"మరి కక్షా?" అన్నాను నేను. క్లాసులో నేను నోరు విప్పేదే తక్కువ. అందరూ వెనక్కి తిరిగి చూసేసరికి ఎందుకడిగానా అనిపించింది.

టీచర్‌కి జలుబు చేసి ఉంది. రుమాలుతో ముక్కు అదుముకుని ఆలోచించారు. "కక్ష తీర్చుకుంటారు కదమ్మా. దీన్ని ఉత్తినే మోస్తారు. ఇష్టం లేనిదేదో మన నెత్తిన పడింది. అన్యాయం అనిపించింది. పైకి అనలేదు. లోపల పెట్టుకుని రోజూ కాస్త కాస్త నమిలాం. ఒక్క తెలుగు మాట చెప్పమంటే నాకూ కష్టమే. అక్కసు దగ్గరగా వస్తుంది. ఉక్రోషం ఇంకాస్త దగ్గర. కానీ ఆ రెండూ మొహంలో కనిపించిపోతాయి. ఇది కనిపించకుండా అంట్లు తోముతుంది, ఇల్లు ఊడుస్తుంది."

అంట్లు అనగానే నాకు మా అక్క చేతులు కళ్లముందు ఆడాయి. గిన్నెని నీళ్లకింద పెట్టి, అది ఎప్పుడో శుభ్రమైపోయినా ఇంకా తోముతూనే ఉండే చేతులు.

అక్క అంటే నా తోబుట్టువు కాదు, తోడికోడలు. మా బావగారి భార్య. మేమందరం ఒకే ఇంట్లో ఉంటాం. తను పనిచేసే లాండ్రీలోనే నాకూ పని చూపించింది. హోటళ్ల నుంచి, ఆసుపత్రుల నుంచి వచ్చే దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి పంపే చోటు అది. మేమిద్దరం మడతల హాల్లో జోడీ.

కొత్త మాట నేర్పినప్పుడల్లా ఒక్కొక్కరం దానితో ఒక వాక్యం చెప్పాలని టీచర్ నియమం. "నిజమైన వాక్యం కావాలి నాకు. పుస్తకంలోలా పిల్లి చాప మీద కూర్చుంది అంటే ఒప్పుకోను" అంటారు.

"నా గిరాకీలు నన్ను రిజెంట్ చేస్తారు" అన్నాడు తాళాలాయన, ఇంగ్లీషులో తడుముకుంటూ. తర్వాత తెలుగులో వివరించాడు. "తాళంచెవి పారేసుకునేది వాళ్లు. చూపులన్నీ నా మీద. నేనే ఎత్తుకెళ్లి దాచినట్టు!"

అందరూ నవ్వారు. నా వంతు వచ్చింది. లేచి, బల్ల అంచు పట్టుకుని, "మై సిస్టర్-ఇన్-లా రిజెంట్స్ మీ" అన్నాను.

"గుడ్!" అన్నారు టీచర్. "చివర ఎస్ కూడా మింగకుండా పలికావు చూడు."

పదో తరగతి మధ్యలో బడి మాన్పించిన తర్వాత నన్ను ఎవరైనా గుడ్ అనడం అదే మొదటిసారి. ఇంటికి నడిచి వెళ్తుంటే కాళ్లు నేలకి ఆనలేదు. వాక్యం ఎవరి మీద చెప్పానో ఆ సంబరంలో పట్టించుకోలేదు.

ఆ క్లాసు నాకు ఎందుకు కావాలో చెప్పాలి. లాండ్రీ ముందు గదిలో కౌంటరు ఉంది. అక్కడ కూర్చునే మనిషి హోటళ్లవాళ్లతో, ఆసుపత్రివాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడాలి. పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నానికి ఇంటికొచ్చేయొచ్చు. ఆ సీటు ఖాళీ అవుతోంది. క్లాసు చివర పెట్టే మాటల పరీక్ష పాసైతే నాకే ఇస్తానని మా యజమానురాలు మాటిచ్చింది. అది దొరికితే మా పాప నిద్రలేచి పాలకి ఏడ్చే వేళకి నేను ఇంట్లో ఉంటాను. ఇప్పుడు ఆ వేళకి నేను ఆవిర్ల మధ్య నిలబడి, పిల్ల మెట్లెక్కిందేమో, గుండీ ఏదైనా మింగిందేమో, ఒళ్లు వెచ్చబడిందేమో అని దుప్పటి దుప్పటికీ ఒక్కో ప్రమాదం ఊహించుకుంటూ ఉంటాను. మాటలొచ్చిన దగ్గర్నుంచీ పిల్ల నోరు మూసింది లేదు. అందుకే అందరం దాన్ని గిలక్కాయ అంటాం. అది మాట్లాడినంతసేపు నాకు భయం లేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉందంటేనే గుండె జారిపోతుంది.

పగలు గిలక్కాయని మా అత్తయ్య చూసుకుంటుంది. సాయంత్రానికి ఆమె మోకాళ్లు వాచిపోతాయి. నేను క్లాసులో చేరిన రోజు, "సాయంత్రాలు పిల్ల పెద్దకోడలి దగ్గరుంటుంది" అని అత్తయ్య ప్రకటించేసింది. అక్క ఉల్లిపాయలు తరుగుతోంది. తలెత్తలేదు. ఊ అనలేదు, ఊహూ అనలేదు. మా ఇంట్లో అంతే. ఎవరినీ ఏదీ అడగరు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో "మంచినీళ్లు ఇస్తావా అక్కా" అన్నందుకే అత్తయ్య నొచ్చుకుంది. "అడగడాలు, థాంక్సులు బయటివాళ్లకమ్మా. ఇంట్లో మనిషిని అడిగావంటే పరాయిదాన్ని చేసినట్టే" అంది. అప్పుడది నాకు ఎంతో ముచ్చటగా అనిపించింది.

మర్నాడు మడతల హాల్లో అక్క ముందే వచ్చి నిలబడి ఉంది. నేను నవ్వాను. తను నవ్వలేదు.

పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని, బిగలాగి, ఒక్కసారి దులిపి, అంచులు కలిపి, ఎదురెదురుగా నడిచొచ్చి, ఒకరి చేతిలోది ఇంకొకరికి అందించాలి. ఒకరు వదిలే క్షణానికి రెండోవాళ్లు పట్టుకోవాలి. మాటలతో పనిలేదు, చేతులకి తెలిసిపోతుంది. ఆ పొద్దున అక్క అంత గట్టిగా లాగేసరికి నేను రెండడుగులు ముందుకి తూలాను.

"నా మీద ఏదో వాక్యం చెప్పావట."

నేను నిలదొక్కుకుని దుప్పటి అంచు సరిచేసుకున్నాను.

"పాలకి వెళ్తే తాళాలాయన చెప్పాడు. 'మీ చెల్లెలు మీ మీద భలే వాక్యం చెప్పిందమ్మా, టీచర్ గుడ్ అన్నారు' అని నలుగురిలో. రిజెంట్ అంటే ఏంటే?"

"అదీ... కోపంలాంటిది అక్కా."

"లాంటిదంటే? అది నిమ్మకాయలాంటిది, ఇది బంతిలాంటిది అన్నట్టు చెప్పకు. సరిగ్గా చెప్పు."

"సరిగ్గా చెప్పడానికి ఒక్క మాట లేదంట అక్కా, టీచరే అన్నారు."

"మీ బావ దగ్గర ఉందిలే. పాత డిక్షనరీ దుమ్ము దులిపి మరీ చదివాడు. ద్వేషించుట, సహింపకుండుట, పగబట్టుట. పగబట్టుట! నేనేమన్నా పామునా?"

"అయ్యో, అలా కాదక్కా."

"ద్వేషముంటే నీ పిల్ల ముక్కు నా చేత్తో తుడుస్తానా? దానికి జ్వరమొస్తే నువ్వు గాబరాగా గదంతా తిరుగుతుంటే ఒంటికి తడిగుడ్డ ఎవరు పెట్టారే?"

"నువ్వే."

"మరి?"

దుప్పటి నాలుగు మడతలయ్యింది. నేను నడిచొచ్చి నా అంచు అందించాను. అక్క చేయి చాచలేదు. తెల్లటి దుప్పటి మా ఇద్దరి కాళ్ల మధ్య జారి తడి నేల మీద పడింది.

"కింద పడింది మళ్లీ ఉతుక్కే!" అని అరిచాడు సూపర్‌వైజరు హాలు అవతలి నుంచి.

అక్క వంగి దాన్ని ఉండచుట్టి బుట్టలో పడేసింది. "ఈ సాయంత్రం నుంచి నీ పిల్లని నీ దగ్గరే పెట్టుకో. పగబట్టినదాని దగ్గర పసిపిల్లని ఎందుకు వదలడం?" అంది.

ఆ సాయంత్రం గిలక్కాయని చంకనెత్తుకుని క్లాసుకెళ్లాను. బోర్డు, సుద్ద, ఇంతమంది పెద్దవాళ్లు బెంచీల్లో కూర్చోవడం, అన్నీ దానికి వింతే. టీచర్ ఏది పలికితే అది అందరికంటే ముందు పలికింది. "లిజెంట్! లిజెంట్!" అని తాళాలాయన ఒళ్లో కూర్చుని ఆయన తాళంచెవుల గుత్తి ఆడించింది. ఎక్కడ నోట్లో పెట్టుకుంటుందో అని నేను ఒక కన్ను అక్కడే ఉంచాను. మాటలు రాస్తున్నాను గానీ ఒక్కటీ బుర్రకెక్కలేదు.

"నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందామ్మా?" అన్నాడు తాళాలాయన, నా మొహం చూసి.

"నా వల్లే జరిగింది. మీరు దాన్ని వీధంతా పంచారంతే."

"మంచి వాక్యం కదాని చెప్పాను!" అన్నాడు పాపం నిజంగానే బాధపడుతూ. "నా దాన్ని ఎవరూ గుడ్ అనలేదు."

క్లాసయ్యాక టీచర్ నన్ను ఆపారు. "ఇవాళ్టికి సరే. కానీ శుక్రవారం సాయంత్రం పరీక్ష. బయటినుంచి ఒకావిడ వస్తారు. గదిలోకి పిల్లల్ని రానివ్వరు. ఎవరికైనా అప్పజెప్పి రా. ఆ రోజు తప్పితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే."

ఏడాది కౌంటరు నాకోసం కాచుక్కూర్చోదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. జరిగిందంతా చెప్పేశాను. "అది ద్వేషమా టీచర్? డిక్షనరీలో అలా ఉందంట."

"డిక్షనరీ మాటకి మాట పెడుతుంది, ఏం చేస్తాం. ఇంతకీ నీ వాక్యంలో నన్నొకటి అడగనీ. మీ అక్క దేన్ని రిజెంట్ చేస్తుంది?"

"నన్ను."

"మనిషిని చెప్పావు. సరే, అలా కూడా అంటారు. కానీ దాని వెనక జరిగింది ఒకటి ఉంటుంది. అదేంటని అడుగుతున్నాను."

ఆలోచించాను. తెలియలేదు. పిల్లనా? క్లాసునా? కౌంటరునా?

"తెలీదు టీచర్."

"తెలీకుండా అంత నమ్మకంగా చెప్పేశావే!" అని ఆవిడ నవ్వి, తుమ్మి, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

దారి పొడుగునా అదే తలలో తిరిగింది. నిజానికి నా వాక్యం సగమే చెప్పాను. మిగతా సగం అక్క దగ్గరుంది.

ఇంటికెళ్లేసరికి అత్తయ్య మోకాళ్లకి వేడినీళ్ల సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. బావగారు కిటికీ పక్క కుర్చీలో పేపరు చదువుతున్నారు. ఆయన రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఆ కుర్చీలో కూర్చుంటారు. పేపరు తెరిస్తే ఇక ఆయన లేనట్టే. మా ఆయన సిటీ బస్సు నడుపుతాడు, సాయంత్రం డ్యూటీ. దారిలో ఫోన్ చేసి శుక్రవారం సంగతి చెబితే, "పిల్లని బస్సెక్కించు, డ్రైవరు సీటు పక్కన కూర్చోబెట్టుకుంటా. స్టాపులన్నీ అదే అరిచి చెబుతుంది" అని నవ్వించి ఫోన్ పెట్టేశాడు. నవ్వు వచ్చింది గానీ దారి దొరకలేదు.

"పెద్దది పిల్లని చూడనందంటగా" అంది అత్తయ్య నా పరీక్ష సంగతి విని, గొంతు తగ్గించకుండా. వంటగదిలో అక్క ఉంది. "నేను చెప్తాలే దానికి. చూడకపోతే ఎలా? శుక్రవారం అదే చూస్తుంది. నువ్వు పరీక్షకి పో."

వంటగదిలో గిన్నె తోముతున్న చప్పుడు ఆగింది. ఒక్క క్షణం. మళ్లీ మొదలైంది.

ఆ ఆగడంలో నాకు తెలిసింది. ఉల్లిపాయలు తరిగిన సాయంత్రం కూడా కత్తి ఇలాగే ఒక్క క్షణం ఆగింది. నేనది వినలేదు, లేదా విని అంగీకారం అనుకున్నాను.

"వద్దు అత్తయ్యా. మీరు చెప్పొద్దు. నేనే అడుగుతాను."

"అడగడమేంటే!" అత్తయ్య వేడినీళ్ల సంచి పక్కన పెట్టేసింది. "ఇంట్లో మనిషిని అడగడమేంటి? నిన్ను నువ్వు పరాయిదాన్ని చేసుకుంటావా, దాన్ని చేస్తావా?"

"ఎవర్నీ చేయను. అడుగుతానంతే."

నా గొంతు అంత స్థిరంగా వచ్చినందుకు నాకే ఆశ్చర్యం వేసింది. పేపరు కూడా కాస్త కిందికి దిగి మళ్లీ పైకి లేచింది.

మర్నాడు హాల్లో మొదటి దుప్పటి దులిపాక నేను నడిచి దగ్గరికి వెళ్లలేదు. కొసలు బిగపట్టుకుని అక్కడే నిలబడ్డాను. మధ్యలో తెల్లటి దుప్పటి, అటు అక్క.

"అక్కా, వాక్యం చెప్పింది తప్పే. ఆ సంగతి నీకు ముందు చెప్పకుండా నలుగురిలో చెప్పడం ఇంకా తప్పు. కానీ ఒకటి అడుగుతాను. నీకు దేనికి లోపల మండుతోంది?"

"సూపర్‌వైజరు చూస్తున్నాడు, మడత పెట్టు."

"చూడనీ. చెప్పు."

అక్క దుప్పటి లాగింది. నేను వదల్లేదు. తను నన్ను కిందినుంచి మీదిదాకా చూసింది, ఈ పిల్లకి ఇంత ధైర్యం ఎక్కడిదీ అన్నట్టు.

"నా కూతుర్ని హాస్టల్లో దింపి వచ్చిన రోజు గుర్తుందా?" అంది చివరికి. "ఇంటికొచ్చి నా మంచం మీద కూర్చున్నా. ఏడుస్తున్నాననుకున్నారు మీరంతా. ఏడవలేదే. చేతులు చూసుకున్నా. ఖాళీగా ఉన్నాయి. దానికి జడ వేయక్కర్లేదు, హోంవర్కు చేయించక్కర్లేదు. సాయంత్రం అన్నది ఒకటి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఎక్కడికైనా వెళ్లొచ్చు అనుకున్నా. ఎక్కడికో కూడా అనుకోలేదు. ఆ వారమే అత్తయ్య నీ పిల్లని నా సాయంత్రాల్లో పెట్టేసింది. పిల్ల మీద నాకేం ఉందే? అది నా మెడ చుట్టూ చేతులేస్తే కరిగిపోతా. కానీ ఒక్కరైనా, 'నీకు కుదురుతుందా' అన్నారా? ఇంట్లో కుర్చీని జరిపినప్పుడు కూడా కుర్చీ కాలు గీసుకుంటుందేమో అని చూస్తాం. నన్నలా కూడా చూడలేదు."

నేను నడిచి దగ్గరికెళ్లాను. అంచు అందించాను. ఈసారి తను పట్టుకుంది.

"అడగకపోవడాన్ని" అన్నాను. "నువ్వు రిజెంట్ చేస్తున్నది దాన్నక్కా. 'నన్ను అడగకుండా పెట్టేశారే' అన్నదాన్ని."

అక్క మడత మీద అరచేత్తో రాసి సాపు చేసింది.

"అలాంటివాటికి కూడా వాడొచ్చా ఆ మాట?"

"వాడొచ్చంట."

"అయితే నిజమే. చేస్తున్నా." తలెత్తింది. మొహంలో సిగ్గు లేదు, కోపం కూడా లేదు. పోయిన వస్తువు దొరికినట్టుంది. "ఇన్నాళ్లూ నాకు తిక్క ఎక్కువైందేమో అనుకున్నా. దీనికి ఒక మాట ఉందంటే నాలాంటి వాళ్లు చాలామంది ఉండే ఉంటారు. చేస్తున్నా. అత్తయ్య ప్రకటనల్ని చేస్తున్నా. నువ్వు నా మౌనాన్ని సరేనని లెక్కేసుకోవడాన్ని చేస్తున్నా. మీ బావ పేపరుని కూడా చేస్తున్నా, రాసుకో."

ఇద్దరం నవ్వాం. సూపర్‌వైజరు మా వైపు వస్తుంటే రెండో దుప్పటి అందుకున్నాం. అది మడిచేలోపే అడిగేయాలనిపించింది.

"అక్కా, శుక్రవారం సాయంత్రం నా పరీక్ష. గిలక్కాయని చూస్తావా? కుదరకపోతే కుదరదను."

"కుదరదు."

దుప్పటి నా చేతుల్లోంచి జారబోయింది.

"అడిగావుగా. కుదరదు. శుక్రవారం నేను బయటికెళ్తున్నా."

"ఎక్కడికి?"

"ఇంకా అనుకోలేదు" అంది అక్క. ఆ మాట అనడంలో తనకి ఎంత సుఖం ఉందో చూశాను. ఆ సుఖం చూశాక బతిమాలడానికి నాకు నోరు రాలేదు. అడిగితే సరేనంటారన్న ధైర్యంతోనే నేను అడిగానని, కాదంటారన్న లెక్కే వేసుకోలేదని అప్పుడు తెలిసింది.

శుక్రవారం ముంచుకొస్తోంది. పక్కింటివాళ్లని అడుగుదామనుకున్నాను, వాళ్లింట్లో కుక్క ఉంది. అత్తయ్యని అనుకున్నాను, ఆ వేళకి ఆమె లేచి నిలబడాలంటేనే గోడ పట్టుకోవాలి. పిల్ల మెట్ల దగ్గరికి పరిగెత్తితే? పరీక్ష వదిలేద్దామా అని కూడా అనుకున్నాను. ఆ ఆలోచన రాగానే, పదో తరగతి పుస్తకాలు అటక మీద పెట్టిన రోజు ఒంట్లో ఎలా చల్లబడిందో అలా చల్లబడింది. అప్పుడు ఎవరూ నన్ను అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

గురువారం సాయంత్రం నేరుగా కిటికీ పక్క కుర్చీ దగ్గరికెళ్లాను. ఎదురుగా పేపరు. దాని వెనక బావగారు. కాపురానికొచ్చిన ఇన్నాళ్లలో ఆయనతో నేను మాట్లాడింది టీ ఇచ్చినప్పుడు "బావగారూ, టీ" అన్నది మాత్రమే.

"బావగారూ."

"అక్కడ పెట్టమ్మా" అన్నారు పేపరు వెనకనుంచి.

"టీ కాదండీ. ఒకటి అడగాలి."

పేపరు కిందికి దిగింది. వంటగదిలో చప్పుడు ఆగింది. అత్తయ్య మెడ సాగింది.

"రేపు సాయంత్రం నాకు పరీక్ష. అక్కకి కుదరదు. గిలక్కాయని మీరు చూస్తారా? మీకూ కుదరకపోతే చెప్పండి, ఇంకో దారి చూసుకుంటాను."

ఇంకో దారి లేదు. గొంతులో మాత్రం అది తెలియనివ్వలేదు.

"నేనా?" అన్నారు ఆయన. కుడివైపు చూశారు, ఎడమవైపు చూశారు, ఇంకెవరైనా ఉన్నారేమో అని.

"వాడెలా చూస్తాడే! మగాడు, ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తాడు!" అంది అత్తయ్య.

"మేమూ లాండ్రీ నుంచి అలిసిపోయే వస్తాం అత్తయ్యా" అంది అక్క వంటగదిలోంచి. గొంతు మామూలుగానే ఉంది.

బావగారు పేపరు మడిచారు. ఎలా మడవాలో తెలియక మూడుసార్లు మడిచారు. "చూడ్డమంటే ఏం చేయాలి?" అన్నారు.

"పక్కన ఉండాలి. మెట్ల దగ్గరికి వెళ్లనివ్వకూడదు. అది మాట్లాడితే ఊ కొట్టాలి. చప్పుడు లేదంటే పరిగెత్తుకెళ్లి చూడాలి."

"అంతేనా?"

వంటగదిలో అక్క గట్టిగా నవ్వింది.

"సరే" అన్నారు బావగారు.

శుక్రవారం సాయంత్రం గుమ్మం దగ్గర గిలక్కాయ నా కాలికి చుట్టుకుపోయింది. బావగారు దాన్ని గాజు సామాను ఎత్తినట్టు దూరంగా పట్టుకుని ఎత్తారు. అది చూసి నా ప్రాణం గిలగిల్లాడింది. "దగ్గరగా పట్టుకోండి, జారిపోతుంది" అన్నాను. "తల కింద చెయ్యి... అదేం పసిగుడ్డు కాదు గానీ, అయినా..." అక్క చెప్పులు వేసుకుని వచ్చి నా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"వెనక్కి చూడకు. చూశావంటే నువ్వు వెళ్లవు, అది ఆపదు."

చూడలేదు. మలుపు దాకా ఇద్దరం కలిసి నడిచాం. ఏడుపు సన్నబడింది, ఆగింది. ఆగేసరికి నా గుండె ఆగింది. అంతలో గిలక్కాయ గొంతు ఏదో గట్టిగా అడగడం వినిపించింది. బావగారి గొంతు, "ఊ... ఊ..." అంది. ఊపిరి పీల్చుకున్నాను.

మలుపులో అక్క అటు, నేనిటు. "బాగా చెప్పు" అంది వెళ్తూ. ఎక్కడికి వెళ్తున్నావని నేను అడగలేదు.

పరీక్ష పెట్టే ఆవిడ కళ్లద్దాల మీదుగా చూసే రకం. పేరు, ఊరు, పని అడిగింది. చెప్పాను. దుప్పటి ఎలా మడుస్తారో చెప్పమంది. చేతులతో చూపిస్తూ చెప్పాను. కొన్ని మాటలు దొరకలేదు, వేరే మాటలతో చుట్టుతిరిగి చెప్పాను. తర్వాత ఇంట్లో ఎవరెవరున్నారని అడిగింది. పాప ఉందన్నాను.

"ఇప్పుడు పాపని ఎవరు చూస్తున్నారు?" అంది ఇంగ్లీషులో.

"హర్ అంకుల్. ఐ ఆస్క్‌డ్ హిమ్" అన్నాను.

ఆవిడకి అందులో విశేషమేం కనిపించలేదు. తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్లింది. నాకు మాత్రం ఆ రెండో వాక్యం నోట్లో చాలాసేపు నిలిచింది. ఆ తర్వాత ఆవిడ ఏమడిగినా తడబడలేదు. బయటికొచ్చే ముందు కాగితం మీద టిక్కు పెట్టి, "యు పాస్" అని చేయి చాచింది. నేను షేక్‌హ్యాండ్ ఇచ్చి, తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియక ఒకసారి లాగి ఒకసారి తోసి బయటపడ్డాను.

మా వీధిలోకి తిరిగేసరికి వీధి మధ్యలో బావగారు. భుజం మీద గిలక్కాయ. ఆయన చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది, కళ్లద్దాలు పిల్ల చేతిలో ఉన్నాయి. అది ప్రతి ఇంటిముందూ ఆపించి ఆ ఇంటివాళ్ల గురించి చెబుతోంది. ఆయన ఊ కొడుతున్నారు.

"పరీక్ష?" అన్నారు నన్ను చూసి.

"పాసయ్యాను బావగారూ."

"మంచిది." పిల్లని నాకు అందించారు, ఈసారి దగ్గరగా పట్టుకునే. చెమట తుడుచుకున్నారు. వెళ్లబోయి ఆగారు. "ఇది ఎప్పుడూ ఇంతసేపు మాట్లాడుతుందా?"

"ఎప్పుడూనండీ."

"మళ్లీ ఎప్పుడైనా నన్ను అడుగుతావా?"

ఆయన భయపడుతున్నారో ఎదురుచూస్తున్నారో మొహం చూస్తే తెలియలేదు. "అడుగుతాను. కుదరదనిపిస్తే కుదరదనండి" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించారు. "చూద్దాం" అన్నారు. మా ఇంట్లో ఎవరైనా ఒక పనికి ముందు ఆలోచించి ఆ మాట అనడం నేను వినడం అదే మొదటిసారి.

అక్క ఇంకా రాలేదు. అత్తయ్య గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడి వీధికి ఆ చివరా ఈ చివరా చూస్తోంది. "ఎక్కడికి పోయిందే ఇది? నీకైనా చెప్పిందా?"

"లేదత్తయ్యా" అన్నాను, గిలక్కాయ నుదురు మీద చెయ్యి పెట్టి చూసుకుంటూ. చల్లగానే ఉంది. "వచ్చాక చెప్పాలనిపిస్తే చెబుతుంది. మీరు కూర్చోండి."